రంధ్రం ఎక్కడుందో ముందు చెప్పండి

నీళ్లున్న స్థూపాకార పాత్రను నిలువు అక్షం చుట్టూ తిప్పితే నీటి మట్టం మధ్యలో గుంటపడి అంచుల దగ్గర పైకి లేస్తుంది. ఇది అందరికీ తెలిసిందే. నిండా నీళ్లు పోసి మూత బిగించి తిప్పితే ఏమవుతుందని ఒక పాఠకుడు అడిగారు. లేవడానికి చోటు లేదు కాబట్టి ఆ ఎత్తంతా పీడనంగా మారుతుంది.

మలుపు తిరిగే బస్సులో ఒకే సీటు మీద ముగ్గురు కూర్చుంటే, మలుపుకు బయటివైపు కిటికీ పక్కనున్నవాడు నలిగిపోతాడు. మిగతా ఇద్దరినీ మలుపు తిప్పాల్సింది అతనే. నీటి పొరలదీ అదే అవస్థ. ప్రతి పొరనూ గుండ్రంగా తిప్పాలంటే బయటి పొర దాన్ని లోపలికి నెట్టాలి. అందుకే గోడవైపు వెళ్లేకొద్దీ పీడనం పెరగక తప్పదు. ‘అపకేంద్ర బలం’ అని ఒక్క మాట అనేసి పాఠం ముగించడం, దయ్యం పట్టిందని చెప్పి వైద్యం ముగించడం లాంటిదే.

పాత్ర వ్యాసార్థం 10 సెంటీమీటర్లు, వేగం నిమిషానికి 600 చుట్లు అనుకుందాం. అంచు వేగం సెకనుకు 6.28 మీటర్లు. దాని వర్గాన్ని సాంద్రతలో సగంతో గుణిస్తే ఒకే మట్టంలో అక్షానికీ గోడకూ మధ్య పీడనాల తేడా వస్తుంది: 19.7 కిలోపాస్కల్‌లు, అంటే రెండు మీటర్ల లోతు నీటి పీడనం.

ఇక అసలు తమాషా. మూత నడుమ సన్నని రంధ్రం ఉంటే అక్కడ వాతావరణ పీడనమే ఉంటుంది, మిగతా చోటంతా అంతకంటే ఎక్కువ. మూతను పైకి నెట్టే బలం 310 న్యూటన్లు, అంటే దాదాపు 32 కిలోల బరువు. అడుగును కిందికి నెట్టే బలం కూడా అంతే పెరుగుతుంది కనుక పాత్ర ఎగిరిపోదు. వేగం రెట్టింపైతే ఈ బలం 4 రెట్లు, వ్యాసార్థం రెట్టింపైతే ఏకంగా 16 రెట్లు.

అదే రంధ్రం మూత అంచున ఉంటే? ఈసారి వాతావరణ పీడనం అంచుది. మధ్యలో పీడనం అంతకంటే 19.7 కిలోపాస్కల్‌లు తగ్గుతుంది. అవే 310 న్యూటన్లు ఇప్పుడు మూతను కిందికి అదుముతాయి! పరీక్షల్లో ఈ లెక్క ఇచ్చేవారు రంధ్రం సంగతి చెప్పకుండా మూత మీది బలం అడుగుతుంటారు. అది సగం ప్రశ్నే.

రంధ్రమే లేకుండా, పాత్ర ఏమాత్రం సాగనిదైతే నీటి ఘనపరిమాణం మారదు, కాబట్టి సగటు పీడనమూ మారదు. మధ్యలో 9.87 కిలోపాస్కల్‌లు తగ్గి, అంచున అంతే పెరుగుతుంది. అక్షం నుంచి 7.07 సెంటీమీటర్ల దూరంలో ఏ మార్పూ ఉండదు. మూత మీద మొత్తం బలం ఎప్పటిలాగే ఉంటుంది.

అంచున రంధ్రమున్న పాత్రను నిమిషానికి దాదాపు 1,340 చుట్లకు చేర్చండి. మూత కింద, అక్షం దగ్గర, పీడనం బాగా పడిపోయి 20 డిగ్రీల చల్లని నీరే మరగడం మొదలవుతుంది. కరిగి ఉన్న గాలి అంతకు ముందే బుడగలు కడుతుంది. రంధ్రం లేని పాత్రలో మరగడానికి సుమారు 1,900 చుట్లు కావాలి.