ఒక్క వ్యాగన్ సరుకుకు చోటు లేని రైలు: రేణిగుంట యార్డు వెనకటి కథ

మామిడి కాపు దిగే నెలల్లో దామలచెరువు మండీల ముందు లారీలు బారులు తీరినప్పుడల్లా, చిత్తూరు బెల్లానికి కిరాయి పెరిగినప్పుడల్లా ఒక ప్రశ్న మళ్లీ పైకి వస్తుంది. పక్కనే పాకాల జంక్షన్ ఉంది, తిరుపతి దాటితే రేణిగుంట ఉంది, అయినా మన సరుకు రైలెందుకు ఎక్కదు? రోడ్లు బాగుపడ్డాయి, లారీ ఇంటి ముందుకే వస్తుంది అన్నది సాధారణంగా దొరికే జవాబు. అది నిజమే కాని సగం నిజం. రైలు చిన్న సరుకును వద్దనుకున్న తరువాతనే ఆ సరుకు పూర్తిగా లారీ పాలైంది. అలా వద్దనుకోవడం, వ్యాగన్లను విడదీసి మళ్లీ బండ్లుగా కూర్చే గూడ్సు యార్డులను మూలపెట్టడంతో మొదలైంది కాబట్టి, ఈ ప్రశ్నకు జవాబు యార్డు కథలోనే వెతకాలి.

తిరుపతికి పట్టాలు రాకముందే రేణిగుంటకు వచ్చాయి. మద్రాసు రైల్వే కంపెనీ అరక్కోణం నుంచి వాయవ్యంగా వేసిన బ్రాడ్ గేజి లైను 1862లో రేణిగుంటను తాకి, కడప, గుత్తి మీదుగా సాగి 1871లో రాయచూరు దగ్గర బొంబాయి నుంచి వచ్చిన లైనును కలిసింది. ఆ తొలి దశాబ్దాలలో ఇంజన్లు బొగ్గు కంటే కట్టెలనే ఎక్కువగా మండించేవి కనుక దారి పొడవునా ఉన్న అడవులు రైలుకు మేతగా మారాయి. ధాత కరువు నాడు, అంటే 1876–78లో, మద్రాసు రేవులో దిగిన ధాన్యం కడప, బళ్లారి వైపు కదిలింది కూడా ఈ దారినే. తిరుపతికి రైలంటే యాత్రికులే గుర్తుకు వచ్చే ఈ కాలంలో, ఈ దారి మొదటి నుంచీ సరుకు దారి కూడా అన్న సంగతిని మరచిపోతున్నాము.

రెండవ లైను ఇంకో కొలతలో వచ్చింది. నెల్లూరు వైపు నుంచి తిరుపతికి 1887లో వేసిన మీటరు గేజి లైను, 1890ల మొదట్లో పాకాల, చిత్తూరు, కాట్పాడి మీదుగా విల్లుపురం దాకా, పాకాల నుంచి మదనపల్లె, కదిరి మీదుగా ధర్మవరం దాకా పెరిగి దక్షిణ ఇండియా రైల్వే చేతికి వచ్చింది. బ్రాడ్ గేజిలో పట్టాల మధ్య దూరం 1,676 మిల్లీమీటర్లు, మీటరు గేజిలో సరిగ్గా 1,000. ఈ వ్యత్యాసం కాగితం మీద చిన్నదే. రెండూ కలిసిన రేణిగుంటలో మాత్రం ఒక గేజి మీద వచ్చిన బస్తాను దించి, పక్క లైనులో నిలిపిన మరో గేజి వ్యాగన్‌లోకి మనిషి భుజం మీదుగా ఎక్కించవలసిందే. బస్తా చిరిగినా, బెల్లం దిమ్మె విరిగినా, లెక్క తగ్గినా నష్టం చివరికి వ్యాపారి ఖాతాలోనే పడేది. ఇంత చాకిరీ ఉన్నా అప్పట్లో సరుకు రైలు మీదనే పోయిందంటే, వేరే దారి లేకపోవడం ఒక కారణం, రైలు ఎంత చిన్న మూటనైనా తీసుకోవడం మరొక కారణం.

మార్షలింగ్ యార్డు అన్న ఏర్పాటు ఎందుకు పుట్టిందో ఇక్కడ కొంత వివరంగా చూడాలి. చిత్తూరు వ్యాపారి ఒకరు గుంతకల్లు అవతలి ఊరికి ఒక్క వ్యాగన్ బెల్లం పంపదలచుకున్నారని అనుకుందాం. ఆయన స్టేషనులో వ్యాగన్ కావాలని ఇండెంటు రాసి, వ్యాగన్ దొరికిన రోజున లోడు చేయించి, తలుపుకు సీలు వేయించి, రైల్వే రసీదు చేతికి తీసుకుంటారు. ఊరూరా ఆగే గూడ్సు బండి ఆ వ్యాగన్‌ను తగిలించుకుని జంక్షన్ దాకా తెచ్చి వదిలేస్తుంది. అప్పటికే అక్కడ పది ఊళ్ల నుంచి పది దిక్కులకు పోవలసిన వ్యాగన్లు కలగాపులగంగా నిలిచి ఉంటాయి. వాటిని దిక్కుల వారీగా విడదీసి, ఒక్కో దిక్కుకు ఒక్కో బండి కూర్చి, వెనక గార్డు డబ్బా తగిలించి పంపడమే యార్డు పని. తపాలా కార్యాలయంలో ఉత్తరాలను గళ్లలో వేసినట్టే, కాకపోతే ఇక్కడ ఒక్కో ఉత్తరం బరువు ముప్పై టన్నులు దాటుతుంది.

ఆ పని ఎక్కువగా రాత్రిళ్లు జరిగేది. బండి యార్డులోకి వచ్చీ రాగానే నంబర్ టేకర్ చేతిలో లాంతరుతో దాని పొడవునా నడుస్తూ ఒక్కో వ్యాగన్ నంబరును, అది పోవలసిన ఊరిని పుస్తకంలో ఎక్కించుకునేవాడు. ఆ పుస్తకంలో ఒక అంకె తప్పితే ఆ వ్యాగన్ ఏ లైనులో ఉందో ఎవరికీ తెలియని స్థితి వచ్చేది. తరువాత షంటింగ్ ఇంజన్ వరుసను వెనక్కి నెట్టేది. కపలింగు, అంటే వ్యాగన్లను కలిపే కొక్కెం, విప్పిన వ్యాగన్ తన వేగంతో తాను దొర్లిపోతుండగా పాయింట్స్‌మన్ పట్టాలను మలిపి దాన్ని సరైన లైనులోకి పంపేవాడు. మరొకడు పక్కనే పరుగెత్తుతూ చేతి బ్రేకు మీద బరువు వేసి, ముందు నిలిచి ఉన్న వ్యాగన్‌కు మెల్లగా ఆనేలా ఆపేవాడు. పెద్ద యార్డులలో ఈ పనికి మట్టితో గుట్ట కట్టి, వ్యాగన్లను దాని మీదికి ఎక్కించి అవతలికి జారవిడిచేవారు. మొగల్‌సరాయి యార్డుకు ఆసియాలోనే పెద్దదన్న పేరు వచ్చింది ఈ పద్ధతిలోనే. వ్యాగన్ల చివర్లలో తాకిడిని తట్టుకునే రెండు బఫర్ల నడుమ దూరి బరువైన స్క్రూ కపలింగును ఎత్తి తగిలించే పనిలో కాళ్లు, చేతులు పోగొట్టుకున్నవారు ఏ రైల్వే ఊరిలోనైనా ఉండేవారు.

యార్డులు ఎక్కడ ఉండాలన్నది ఆవిరి ఇంజనే నిర్ణయించింది. నీటికి, బొగ్గుకు, బూడిద దులుపుకోవడానికి అది కొన్ని గంటలకొకసారి ఆగవలసిందే. కనుక లోకో షెడ్డు, యార్డు, క్వార్టర్లు ఒకే చోట పెరిగాయి. మన లైను మీద నందలూరు, నెల్లూరు వైపున బిట్రగుంట అలా రైలు మీదనే బతికిన ఊళ్లు. డీజిల్ ఇంజన్లు వచ్చాక మధ్యలో ఆగవలసిన పని తగ్గిపోయి ఆ షెడ్లు ఒక్కొక్కటే చల్లారాయి. ఆ రెండు ఊళ్లలోనూ రైల్వే పరిశ్రమ ఏదైనా పెట్టమన్న కోరిక ఈనాటికీ వినిపిస్తుందంటే దాని మూలం అక్కడ ఉంది.

అయితే యార్డును అసలు దెబ్బ తీసింది డీజిల్ కాదు, లెక్క. వ్యాగన్ ఒకసారి లోడయినప్పటి నుంచి మళ్లీ లోడయ్యే దాకా పట్టే కాలాన్ని రైల్వే వారు టర్న్ రౌండు అంటారు. 1950–51లో బ్రాడ్ గేజి మీద అది 11 రోజులు. 1980–81 నాటికి 15 రోజులు దాటింది. వ్యాగన్ కదిలే కాలం కంటే యార్డులలో తన వంతు కోసం నిలిచే కాలమే ఎక్కువయింది. 1970ల చివర దేశంలో సరుకు రవాణా పెరగకపోగా తగ్గింది. బొగ్గు అందక విద్యుత్ కేంద్రాలు, ఎరువు అందక రైతులు ఇబ్బంది పడ్డారు. అప్పుడు రైల్వే బోర్డు అధ్యక్షుడిగా ఉన్న ఎం.ఎస్. గుజ్రాల్ హయాంలో ఒక మొండి నిర్ణయం అమలయింది. బండి మొత్తాన్ని ఒకే చోట నింపాలి, దారిలో ఏ యార్డులోనూ విప్పకుండా ఒకే చోటికి చేర్చాలి. అలా విడదీయకుండా నడిచే పూర్తి బండికి వాడే రేకు అన్న మాట సామాన్యులకు పరిచయమయింది ఆ తరువాతే. 1980–81లో 19.6 కోట్ల టన్నులు ఉన్న సరుకు మరుసటి ఏడాదే 22 కోట్ల టన్నులు దాటింది. టర్న్ రౌండు క్రమంగా తగ్గుతూ 2010–11 నాటికి ఐదు రోజులకు దిగింది. రైల్వే వైపు నుంచి చూస్తే ఆ నిర్ణయాన్ని తప్పుపట్టడానికి ఏమీ లేదు.

యంత్రాలు కూడా అటే లాగాయి. 1980లలో వచ్చిన కొత్త ఎనిమిది చక్రాల వ్యాగన్లకు గాలి బ్రేకులు, నడుమ ఒకే కపలర్ ఉంటే, పాత నాలుగు చక్రాల వ్యాగన్లకు వాక్యూమ్ బ్రేకులు, స్క్రూ కపలింగులు ఉండేవి. రెంటినీ ఒకే బండిలో కలిపి నడపడం కుదరదు. కలపడమే పనిగా ఉన్న యార్డుకు ఇది చావు కబురు. స్మాల్స్ అని పిలిచే చిల్లర సరుకును, తరువాత ఒకటి రెండు వ్యాగన్ల సరుకును రైల్వే దశలవారీగా మానుకుంటూ వచ్చింది. 1992లో లైన్లను ఒకే గేజికి మార్చే యూనిగేజి పథకం మొదలై మీటరు గేజి లైన్లు ఒక్కొక్కటిగా మారి, 2010లో పాకాల–ధర్మవరం మార్గం కూడా బ్రాడ్ గేజి అయింది. విచిత్రం ఏమిటంటే, భుజాల మీద బస్తాలు మార్చే బాధ లేకుండా చిత్తూరు నుంచి దేశంలో ఏ మూలకైనా ఒకే వ్యాగన్ పోగలిగే రోజు వచ్చేసరికి, ఆ ఒక్క వ్యాగన్‌ను తీసుకునే ఏర్పాటే లేకుండా పోయింది.

దీనిని బట్టి ఈ దారిలో సరుకు తగ్గిందని అనుకుంటే పొరపాటు. ముద్దనూరు దగ్గరి థర్మల్ కేంద్రానికి బొగ్గు, ఎర్రగుంట్ల సిమెంటు, మంగంపేట ముగ్గురాయి ఇవన్నీ రేకులకు రేకులే కదులుతున్నాయి. వాటికి యార్డులో కావలసింది విడదీసే చోటు కాదు, ముందు లైను ఖాళీ అయ్యేదాకా నిలిచే చోటు మాత్రమే. కృష్ణపట్నం రేవు సరుకు గూడూరు, రేణిగుంటల మీద బరువు మోపకుండా పోవడానికి వెంకటాచలం నుంచి ఓబులవారిపల్లెకు కొత్త లైను వేసి, వెలిగొండలలో ఆరున్నర కిలోమీటర్లు దాటిన సొరంగం తొలిచి 2019లో ప్రారంభించారు. రేణిగుంటను తప్పించుకుని పోవడమే సౌకర్యంగా మారిన కాలమిది.

మధ్యలో రెండు ప్రయోగాలు మాత్రం పాత ప్రశ్నను మళ్లీ కదిలించాయి. రేణిగుంట నుంచి ఢిల్లీకి పాల ట్యాంకర్లు వారానికోసారి నడిచే ఎక్స్‌ప్రెస్ రైళ్లకు తగిలించి పంపేవారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వల్ల ఆ రైళ్లు ఆగిపోవడంతో, ఒక్కొక్కటి 40 వేల లీటర్లు పట్టే ట్యాంకర్లతో దూద్ దురంతో పేరిట ప్రత్యేక రైలునే హజ్రత్ నిజాముద్దీన్‌కు నడపడం మొదలయింది. ఆరు ట్యాంకర్ల రైలుకు ఎక్స్‌ప్రెస్ వేగంతో దారి ఇచ్చారు. అదే ఏడాది సెప్టెంబరు 9న అనంతపురం నుంచి ఢిల్లీకి బయలుదేరిన కిసాన్ రైలు విషయంలో, ఇంత సరుకు ఉంటేనే తీసుకుంటామన్న షరతు ఉండేది కాదు. దారిలో స్టేషన్లలో ఎక్కించే, దించే వీలు ఉండేది. తరువాత కిరాయిలో సగం రాయితీ కూడా వచ్చింది. యార్డు లేకుండానే చిన్న సరుకు మోయవచ్చని ఈ రెండూ చూపాయి, ఎవరో ఒకరు ఖర్చు భరిస్తే. కిసాన్ రైళ్లు రాయితీ ఆగిన తరువాత పలుచబడ్డాయి.

ఇప్పటి నిబంధనల సంగతి చూద్దాం. మూసి ఉండే వ్యాగన్లతో పూర్తి రేకు కట్టాలంటే నలభైకి పైగా వ్యాగన్లు, అంటే రెండున్నర వేల టన్నుల దాకా సరుకు కావాలి. చిన్న వ్యాపారుల కోసమని తెచ్చిన మినీ రేకుకు కూడా ఇరవై వ్యాగన్లు ఉండాలి. ఒక్కో వ్యాగన్ దాదాపు అరవై టన్నులు పడుతుంది కనుక అది పన్నెండు వందల టన్నులు, పది టన్నుల లెక్కన నూట ఇరవై లారీల బెల్లం. అంత బెల్లమూ ఒకే రోజున స్టేషనుకు చేరాలి, ఆలస్యానికి వేసే డెమరేజి రుసుము పడకముందే గంటల వ్యవధిలో లోడు కావాలి, ఒకే ఊరిలో దిగాలి, అక్కడ దాన్ని ఒకేసారి దించుకుని దాచుకునే గోదాము ఉండాలి. చిత్తూరు మార్కెట్లో ఏ ఒక్క మండీకీ ఆ శక్తి లేదు. అన్ని మండీలు కలిసి ఒకే పేరున ఇండెంటు పెట్టే సంఘమూ లేదు.