సెన్సార్ బిగించడం సులువే, తర్వాత మార్చడమే అసలు పని: కొన్ని అపోహలు, వాస్తవాలు

గుంటూరు చుట్టుపక్కల మిరప చేలల్లో, కోల్డ్ స్టోరేజీల్లో వైర్‌లెస్ సెన్సార్లు (మేం నోడ్లంటాం) పెట్టి చూసుకోవడం నా పని. బిగించే రోజు అందరూ వచ్చి ఫొటోలు దిగుతారు. ఆర్నెల్ల తర్వాత సెట్టింగ్ మార్చాల్సి వస్తే నేనూ, నా నిచ్చెనా మిగులుతాం.

అపోహ: ఆఫీసులో బటన్ నొక్కితే చేలో నోడ్ వెంటనే మారిపోతుంది.

చేలల్లో మేం వాడేవి లోరావాన్ నోడ్లు, అంటే తక్కువ బ్యాటరీతో చాలా దూరం రేడియో కబురు పంపే రకం. మన దేశంలో లైసెన్సు అక్కర్లేని 865-867 మెగాహెర్ట్జ్‌లో పనిచేస్తాయి. బ్యాటరీ ఆదా కోసం ఎప్పుడూ నిద్రే. రీడింగ్ పంపాక, మామూలుగా ఒక సెకను తర్వాత ఒకసారి, రెండు సెకన్ల తర్వాత ఇంకోసారి నోడ్ మన మాట వింటుంది. ఆపైన మళ్లీ ముసుగు తన్నేస్తుంది. 15 నిమిషాలకోసారి పంపే నోడ్‌కు కబురు చేరాలంటే ఒక్కోసారి అంతసేపూ ఆగాల్సి వస్తుంది.

ఓసారి గంటకోసారి పంపితే చాలని 3600 కొట్టాను. తీరా చూస్తే ఆ గడి సెకన్లది కాదు, నిమిషాలది! నోడ్ మళ్లీ నోరు విప్పింది రెండున్నర రోజులకు. వెళ్లి రీసెట్ కొడదామంటే దారంతా మోకాలిలోతు బురద. "ఏమయ్యా, మీ డబ్బా పడకేసిందా?" అని రైతు రోజూ ఫోను. అప్పటినుంచి ఏ మార్పయినా ముందు ఒక్క నోడ్‌కే పంపి, జవాబొచ్చాకే మిగతావాటికి.

అపోహ: సెట్టింగ్ అన్నిటికీ ఒకేసారి మార్చేస్తే పనైపోతుంది.

కోల్డ్ స్టోరేజీలో నోడ్లు ఒకదాని ద్వారా ఇంకోటి మాట్లాడుకునే రకమైతే, ముందు చిట్టచివరిది మార్చాలి, గేట్‌వే (నోడ్ల కబుర్లన్నీ అందుకుని ఆఫీసుకి చేర్చే పెట్టె) ఆఖర్న. ఉల్టా చేశామా, దారి మధ్యలో తెగి అవతలివన్నీ మూగబోతాయి. కొత్త సెట్టింగ్‌తో గేట్‌వే దొరక్కపోతే పాతదానికి తనే తిరిగొచ్చే ఏర్పాటు లేని నోడ్ నేను కొనను. ఇంకోటి, గది ఖాళీగా ఉన్నప్పుడు చూసిన సిగ్నల్‌ని నమ్మొద్దు. మిర్చి టిక్కీలు (బస్తాలు) పైదాకా పేర్చాక మళ్లీ చూడాలి.

అపోహ: సిగ్నల్ రాకపోతే స్ప్రెడింగ్ ఫ్యాక్టర్ పెంచేయాలి.

స్ప్రెడింగ్ ఫ్యాక్టర్ అంటే మెసేజ్‌ని నెమ్మదిగా పంపి ఎక్కువ దూరం చేర్చే సెట్టింగ్. దాన్ని ఒక్కో మెట్టు పెంచితే మెసేజ్ గాల్లో ఉండే సమయం దాదాపు రెట్టింపవుతుంది, బ్యాటరీ ఆ మేరకు కరుగుతుంది. తడిసిన ఆకులు సిగ్నల్‌ని తినేస్తాయి కాబట్టి ముందు యాంటెన్నాని పైరు పైకి లేపి చూడండి.

అపోహ: వోల్టేజ్ 3.6 ఉందంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టే.

ఈ నోడ్లలో ఉండే లిథియం థయోనిల్ క్లోరైడ్ రకం బ్యాటరీ సెల్ చివరిదాకా దాదాపు అంతే చూపించి, ఒక్కసారిగా పడిపోతుంది. పంపిన మెసేజ్‌లు లెక్కపెట్టుకోవడం మేలు.

అపోహ: తేమ రీడింగ్ హఠాత్తుగా పడిపోతే నేల ఎండినట్టే.

మన రేగడి ఎండేకొద్దీ బీటలు వారుతుంది. ఆ బీట సెన్సార్ పక్కనే పడితే అది కొలిచేది మట్టిని కాదు, గాలిని. దీన్ని ఆఫీసు నుంచి సరిచేయలేం. తీసి కాస్త పక్కన గుచ్చి, చుట్టూ తడిమట్టి కూరాలి. నా బండిలో ల్యాప్‌టాప్ పక్కనే గునపం కూడా ఉండేది అందుకే.