సెల్ చెడిందా, కొలత చెడిందా?

పరకాల

చిరంజీవులైన మనవడికి, మనవరాలికి తాత ఆశీస్సులు.

మీ నాన్న ఎలక్ట్రిక్ ఆటో 30 శాతం ఛార్జి చూపిస్తూనే కాజీపేట స్టేషన్ ముందు ఆగిపోయిందనీ, షెడ్డులో ఎవరో ఫోనులో బీఎంఎస్ (ఒక్కో సెల్‌ను గమనిస్తూ బ్యాటరీని కాపాడే బోర్డు) అంకెలు చూసి ఏడో సెల్ పోయింది, మార్చాలి అన్నారనీ రాశారు. ఇప్పుడే ఏదీ మార్చవద్దని మీ నాన్నకు చెప్పాను. మీరు పాలిటెక్నిక్‌లో చదువుతున్నారు కనుక, ఎందుకు వద్దన్నానో మీకు వివరంగా రాస్తున్నాను.

ఆ బండిలో ఉన్నది 51.2 వోల్టుల ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీ, అంటే 3.2 వోల్టుల సెల్‌లు 16 సిరీస్‌లో, ఒకదాని వెనుక ఒకటిగా కలిపి ఉన్నాయి. అన్నింటిలోనూ ఒకే కరెంటు పారుతుంది కాబట్టి, అందరికన్నా ముందు నిండిన సెల్ ఛార్జింగును ఆపిస్తుంది, అందరికన్నా ముందు ఖాళీ అయిన సెల్ బండిని ఆపిస్తుంది. ఈ తేడాను సరిచేయడమే బ్యాలెన్సింగ్. మన ఊరి చెరువు నిండి మత్తడి దుంకినప్పుడు ఆ నీళ్లు కింది చెరువుకు చేరడం మీరు చూశారు. యాక్టివ్ బ్యాలెన్సింగ్ అలాంటిదే, ఎక్కువ ఉన్న సెల్ నుంచి తక్కువ ఉన్న సెల్‌కు శక్తిని చేరవేస్తుంది. కానీ మీ నాన్న బండిలో ఉన్నది పాసివ్ రకం. అది మత్తడి నీళ్లను కింది చెరువుకు పంపదు, నిండిన సెల్‌కు ఒక రెసిస్టర్ తగిలించి ఆ మిగులును వేడిగా పారబోస్తుంది. పైగా ఆ ధార చాలా సన్నం. 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే ఒక ఆంపియర్ చొప్పున 100 గంటలు ఇచ్చే) బ్యాటరీలో ఒక సెల్ మిగతావాటికన్నా 5 ఏహెచ్ ముందుందనుకోండి, 50 మిల్లీఆంపియర్లతో దానిని దించడానికి 100 గంటలు పడుతుంది. రాత్రి ఛార్జింగు పెట్టి తెల్లవారగానే బ్యాలెన్స్ కాలేదని బోర్డును తిట్టేవాళ్లు ఈ లెక్క ఒక్కసారి వేసుకుంటే బాగుండేది.

ఇక మీరు పంపిన ఫొటోలోని అంకెలు చూద్దాం. బండి ఆగి గంటసేపు నిలిచి ఉన్నప్పుడు తీసినదని రాశారు, మంచి పని చేశారు. 14 సెల్‌లు 3.30 వోల్టుల దగ్గర ఉన్నాయి, ఏడోది 3.18, ఎనిమిదోది 3.42. షెడ్డువాళ్లు ఏడోదాన్ని చూసి ఎనిమిదోదాన్ని వదిలేశారు. రెండింటినీ కలపండి, 6.60 వస్తుంది; దానిలో సగం 3.30. ఒకటి ఎంత తగ్గిందో పక్కది సరిగ్గా అంతే పెరిగింది. ఏడో సెల్‌కు పై కొస, ఎనిమిదో సెల్‌కు కింది కొస ఒకే సెన్స్ వైరుకు, అంటే బీఎంఎస్ వోల్టేజీ కొలిచే సన్నని వైరుకు, కలిసి ఉంటాయి కనుక, ఆ ఒక్క వైరు దగ్గర నట్టు వదులైనా, రింగుకు చిలుము పట్టినా, అంకె ఒక వైపు తగ్గి ఇంకో వైపు పెరుగుతుంది. అంతేకాదు, ఎల్‌ఎఫ్‌పీ సెల్ ఇలా 30 శాతం ఛార్జిలో, కరెంటు లేకుండా నిలకడగా ఉన్నప్పుడు 3.42 చూపించడం జరగని పని. అది అబద్ధపు అంకె. ఆ అబద్ధాన్ని నమ్మి బీఎంఎస్ ఎనిమిదో సెల్ నిండిందనుకుని ఛార్జింగును ముందే ఆపుతుంది, దానిని ఊరికే ఖాళీ చేస్తుంది కూడా. గుంతలో బండి కుదిపినప్పుడు ఏడో సెల్ అంకె ఒక్కసారిగా కిందికి పడితే కరెంటు తెంపేస్తుంది. అలా కొన్ని వారాలు నడిస్తే లేని తేడా నిజంగానే పుడుతుంది.

అందుకని ముందు మల్టీమీటరుతో ఆ రెండు సెల్‌ల టెర్మినళ్ల మీదనే కొలవాలి. రెండూ 3.30 చూపిస్తే సెల్‌లు మంచివే, వైరును బాగుచేయాలి. మీటరు కూడా తేడానే చూపిస్తే అప్పుడు సెల్ గురించి ఆలోచించాలి, అదీ మూడు వేళల్లో చూసి. ఛార్జింగు చివర అందరికన్నా పైన, ఖాళీ అయ్యే వేళ అందరికన్నా కింద ఉండే సెల్‌కు కెపాసిటీ తగ్గింది. దాన్ని ఏ బ్యాలెన్సింగూ బాగుచేయలేదు. రెండు వేళల్లోనూ కిందే ఉండేది వెనుకబడిన సెల్ మాత్రమే; అది లోలోపల తనంతట తానే కారుతుండవచ్చు, లేదా బోర్డులో దాని రెసిస్టర్ ఆగకుండా పనిచేస్తుండవచ్చు. బోర్డు ప్లగ్గు తీసి నాలుగు రోజులు ఉంచితే ఆ రెండింటిలో ఏదో తేలుతుంది. నిలిచి ఉన్నప్పుడు అందరితో సమానంగా ఉండి, ఎక్సలరేటర్ ఇవ్వగానే పడిపోయి, ఛార్జింగులో పైకి లేచే సెల్‌కు ఇంటర్నల్ రెసిస్టెన్స్ (లోపల కరెంటుకు అడ్డు) పెరిగింది, లేదా దాని బస్‌బార్ (సెల్‌లను కలిపే లోహపు పట్టీ) నట్టు వదులైంది. నట్టే ముందు చూడండి, ఖర్చు లేనిది అదే.

ఎల్‌ఎఫ్‌పీలో ఇంకో చిక్కుంది. ఇంచుమించు 20 నుంచి 80 శాతం దాకా దాని వోల్టేజీ దాదాపు కదలదు, కాబట్టి మధ్యలో తేడా ఉన్నా కనిపించదు, పై చివరకు వచ్చాకే బయటపడుతుంది. చాలా బోర్డులు బ్యాలెన్సింగును కూడా అక్కడే మొదలుపెడతాయి. మీ నాన్న రోజూ తొందరపడి 80 శాతం దగ్గరే ప్లగ్గు తీసేస్తే ఆ సెల్‌లకు సమం అయ్యే అవకాశమే దొరకదు.

హైబ్రిడ్ కార్ల గురించి కూడా అడిగారు. టయోటా వారి రెండో తరం ప్రియస్ కారులో నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్‌లు ఆరేసి చొప్పున 28 మాడ్యూళ్లు, మొత్తం 201.6 వోల్టులు, వాటిని రెండేసిగా 14 బ్లాకులుగా కంప్యూటరు చూస్తుంది. అందులో బ్యాటరీ చెడిందని చెప్పే పీ0ఏ80 అనే కోడ్ పడగానే బ్యాటరీ మొత్తం మార్చమంటారు. అక్కడ కూడా చిలుము పట్టిన రాగి బస్‌బార్‌లనూ, దుమ్ముతో మూసుకుపోయిన చల్లదనపు ఫ్యానునూ ముందు చూడాలి. గాలి ఆడకపోతే మధ్య మాడ్యూళ్లు ఎక్కువ వేడెక్కి త్వరగా ముసలివవుతాయి, మన వరంగల్ మే నెల ఎండకు ఇంకా త్వరగా. అయితే కార్ల బ్యాటరీ మూత మీరు తీయవద్దు. సర్వీస్ ప్లగ్గు తీసి, మాన్యువల్ చెప్పినన్ని నిమిషాలు ఆగినా, బ్యాటరీ లోపల వోల్టేజీ అలాగే ఉంటుంది. వెయ్యి వోల్టుల గ్లవ్స్, నేర్చుకున్న చేయి రెండూ కావాలి. ఆటో బ్యాటరీ దగ్గర షాకు భయం తక్కువే గానీ, స్పానర్ రెండు టెర్మినళ్ల మధ్య పడితే అది అక్కడే అతుక్కుని కరిగిపోతుంది. చేతి ఉంగరం, గడియారం తీసేయండి, స్పానర్‌కు టేపు చుట్టండి.

ఈ ఆదివారం నాన్నను పక్కన పెట్టుకుని ఏడు, ఎనిమిది సెల్‌లను మీటరుతో కొలవండి. వైరు రింగు తీసి, శుభ్రంచేసి, మళ్లీ బిగించాక, పూర్తిగా ఛార్జి అయినప్పుడు ఒకసారి, సాయంత్రం ట్రిప్పులు అయిపోయాక ఒకసారి 16 అంకెలూ కాగితం మీద రాసి నాకు పంపండి.

మీ తాత