మెయిల్ మారిన వారం: పాస్‌వర్డ్ గురించి అపోహలు - వాస్తవాలు

ఆఫీసు మెయిల్‌ని సొంత సర్వర్ నుంచి మైక్రోసాఫ్ట్ 365కి మార్చిన మర్నాడు మా హెల్ప్‌డెస్క్ ఫోన్ మోగుతూనే ఉంటుంది. అందరిదీ ఒకటే మాట: "సార్, కరెక్ట్ పాస్‌వర్డే కొడుతున్నాను, మళ్లీ మళ్లీ అడుగుతోంది." చాలాసార్లు వాళ్లు చెప్పేది నిజమే.

అపోహ: పాస్‌వర్డ్ అడిగిందంటే నేను తప్పు కొట్టినట్టే.

వాస్తవం: ఆ విండోలో ఏ ఐడీకి అడుగుతోందో ఉంటుంది. చాలాసార్లు ఏ సర్వర్ కోసమో కూడా ఉంటుంది. టైప్ చేసే ముందు ఆ లైను చదవండి. అక్కడ పాత సర్వర్ పేరుంటే కొత్త పాస్‌వర్డ్ వందసార్లు కొట్టినా తీసుకోదు. మీరు మెయిల్ చూసే ప్రోగ్రామ్ ఔట్‌లుక్. మెయిల్‌బాక్స్ ఎక్కడుందో దానికి చెప్పేది ఆటోడిస్కవర్ అనే ఏర్పాటు. అందులో పాత సర్వర్ చిరునామా తీసేయడం మేం మర్చిపోతే అది పాత ఇంటికే దారి చూపిస్తుంది. సరిచేయాల్సింది మేమే, టెన్షన్ పడకండి. ఆ విండోని ఫొటో తీసి పంపితే మాకు సగం పని అయిపోయినట్టే.

అపోహ: రీసెట్ చేయిస్తే సరిపోతుంది.

వాస్తవం: ఒక్కోసారి రీసెట్‌తోనే సమస్య ముదురుతుంది. అకౌంట్స్ సెక్షన్‌లో ఒక మేడమ్ ఐడీ రోజూ సాయంత్రం లాక్ అయ్యేది. మూడుసార్లు రీసెట్ చేశాం. సిస్టమ్‌లో విండోస్ పాస్‌వర్డ్‌లు దాచుకునే క్రెడెన్షియల్ మేనేజర్ తెరిచి పాత ఎంట్రీలన్నీ తీసేశాను, అయినా అంతే. చివరికి అడిగాను: "మేడమ్, ఇంట్లో ఇంకెందులోనైనా ఆఫీసు మెయిల్ పెట్టుకున్నారా?" కాసేపు ఆలోచించి, "పాత ట్యాబ్ ఉందండీ, బాబు గేమ్స్ ఆడుకుంటాడు" అన్నారు. బాబు స్కూల్ నుంచి వచ్చి ట్యాబ్ ఆన్ చేయగానే అది పాత పాస్‌వర్డ్‌తో సర్వర్‌ని తట్టేది. వరుసగా తప్పులు పడి ఐడీ లాక్. ట్యాబ్‌లో ఆ అకౌంట్ తీసేయించాం, మళ్లీ ఆ ఫోన్ రాలేదు. అందుకే రీసెట్ అడిగే ముందు మీ మెయిల్ ఎన్ని పరికరాల్లో ఉందో ఒకసారి లెక్కపెట్టుకోండి.

అపోహ: పాత ఔట్‌లుక్ బాగానే ఉంది, మార్చక్కర్లేదు.

వాస్తవం: మైక్రోసాఫ్ట్ 365లో మెయిల్ నడిపే ఎక్స్ఛేంజ్ ఆన్‌లైన్‌లో బేసిక్ ఆథెంటికేషన్‌ని, అంటే ప్రోగ్రామ్ ప్రతిసారీ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ నేరుగా పంపే పాత పద్ధతిని, 2022 అక్టోబర్ 1 నుంచి మైక్రోసాఫ్ట్ ఆపేస్తూ వచ్చింది. దాని బదులు వాడే కొత్త లాగిన్ పద్ధతి ఔట్‌లుక్ 2010కి రాదు. 2016 నుంచి దానంతటదే వస్తుంది. తేడా కంటికే తెలుస్తుంది: కొత్తదైతే మైక్రోసాఫ్ట్ సైన్-ఇన్ పేజీ వస్తుంది, పాతదైతే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ గళ్లున్న చిన్న విండోస్ పెట్టె.

అపోహ: లాగిన్ అవుతున్నది మీరేనా అని ఫోన్‌కి వచ్చే రిక్వెస్ట్‌లో అప్రూవ్ నొక్కేస్తే గొడవ వదిలిపోతుంది.

వాస్తవం: నన్ను అన్నిటికంటే భయపెట్టేది ఇదే. మెయిల్ మారిన వారంలో అందరికీ చూడకుండా నొక్కడం అలవాటైపోతుంది. 2022 సెప్టెంబర్‌లో ఊబర్‌లోకి చొరబడినవాళ్లు ఒక కాంట్రాక్టర్‌కి లాగిన్ రిక్వెస్టులు వరుసగా పంపారు. ఆ కాంట్రాక్టర్ చివరికి ఒకదాన్ని ఒప్పుకున్నారు. ఈ రిక్వెస్టులు వచ్చే మైక్రోసాఫ్ట్ ఆథెంటికేటర్ యాప్‌లో, లాగిన్ స్క్రీన్ మీది నంబర్‌ని ఫోన్‌లో కొట్టమనడం 2023 మేలో తప్పనిసరి అయింది ఇలాంటివి ఆపడానికే. మీరు లాగిన్ అవ్వకుండా రిక్వెస్ట్ వస్తే తిరస్కరించి వెంటనే మాకు ఫోన్ చేయండి, అర్ధరాత్రయినా సరే. "మెయిల్ మార్పు పూర్తి కాలేదు, ఇక్కడ పాస్‌వర్డ్ ఇవ్వండి" అంటూ లింకులు వచ్చేదీ ఈ వారంలోనే. మా టీమ్‌లో ఎవరూ మీ పాస్‌వర్డ్ అడగరు. ఫోన్‌లో నా గొంతే వినిపించినా చెప్పకండి.