స్కూటర్లో కరెంటు ఎక్కడ ఆగింది?

చిరంజీవులైన పిల్లలకు,

ఆశీస్సులు. ఎలక్ట్రిక్ స్కూటరు ఆగిందంటే మీ నోట మొదట వచ్చే మాట "బ్యాటరీ పోయింది". ఒక్కోసారి మెకానిక్కూ అదే అనేసి ఐదు కొత్త బ్యాటరీలకు లెక్క కట్టేస్తాడు. వేలల్లో ఖర్చు. తీరా చూస్తే తప్పు ఒక వదులైన బోల్టుదో, ఇరుక్కుపోయిన బ్రేకు స్విచ్చుదో అయి ఉంటుంది. చివరి మడికి నీళ్లు అందకపోతే రైతు చెరువు ఎండిందని తేల్చేయడు. కాలువ గట్టు వెంట నడిచి గండి ఎక్కడ పడిందో చూస్తాడు. మనమూ బ్యాటరీ నుంచి చక్రం దాకా కరెంటు వెంటే నడుద్దాం.

నేను చెప్పేది ఊళ్లలో, కాలనీల్లో తిరిగే చిన్న బండి గురించి. 250 వాట్ల మోటారు, గంటకు 25 కిలోమీటర్లు దాటని వేగం, రిజిస్ట్రేషన్ అక్కర్లేనిది. వీటిలో చాలావాటికి 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలు ఐదు, ఒకదాని ప్లస్సుకు ఇంకోదాని మైనస్సు కలుపుతూ వరసగా ఉంటాయి. అందుకే 60 వోల్టుల బండి అంటారు. లిథియం బ్యాటరీల సంగతి వేరు, చివర్లో చెబుతాను.

ముట్టుకునే ముందు పెద్దవాళ్లను ఒకరిని పక్కన ఉంచుకోండి. ఉంగరం, వాచీ, కడియం, గాజులు తీసేయండి. ఇక్కడ షాకు కంటే షార్టుతోనే ఎక్కువ ప్రమాదం. పానా జారి రెండు టెర్మినళ్ల మధ్య పడితే వందల ఆంపియర్లు పారి, నిప్పురవ్వలు లేచి చెయ్యి కాలుతుంది. పానాకు ఇన్సులేషన్ టేపు చుట్టి, పట్టుకునే నోరు మాత్రం వదిలేయండి. బండిని సెంటర్ స్టాండు వేసి వెనక చక్రం గాలిలో ఉండేలా చూడండి. వోల్టులు కొలవడానికి సాధారణ మల్టీమీటరు చాలు, డీసీ 200 వోల్టుల దగ్గర పెట్టండి. దాని ఎర్ర వైరు 10 ఆంపియర్ల రంధ్రంలో ఉందేమో ముందే చూసుకోండి. అలా ఉంచి బ్యాటరీకి తాకిస్తే మీటరుతోనే షార్టు చేసినట్టు.

తాళం తిప్పినా డిస్‌ప్లే వెలగలేదా? సీటు కిందో, కాళ్లు పెట్టే పలక కిందో ఎంసీబీ, అంటే కరెంటు మితిమీరితే తనంతట తానే పడిపోయే స్విచ్చు, ఉంటుంది. గుంతలో బండి ఎగిరినప్పుడు కూడా అది పడిపోతుంటుంది. ఒక్కసారి పైకి ఎత్తండి. మళ్లీ పడిపోతే మాత్రం బలవంతం చేయకండి, లోపల ఎక్కడో షార్టు ఉంది. ఎంసీబీ సరిగానే ఉంటే మీటరు తీయండి. మైనస్ వైరును బ్యాటరీల చివరి మైనస్ మీద ఉంచి, ఎర్ర వైరును ఒక్కో మెట్టూ ముందుకు జరపండి: వరసకు రెండో కొసన ఉన్న బ్యాటరీ ప్లస్, ఎంసీబీకి ఇవతల, అవతల, ఫ్యూజుకు ఇవతల, అవతల, తాళం స్విచ్చు వైరు. బాగా చార్జ్ అయి కాసేపు ఊరుకున్న బండిలో సుమారు 64 వోల్టులు కనిపించాలి. ఆ అంకె ఎక్కడిదాకా ఉండి ఎక్కడ మాయమైందో, తప్పు ఆ రెండింటి మధ్యే ఉంది. ఫ్యూజు పోతే అదే ఆంపియర్ల ఫ్యూజు వేయండి. రాగి తీగ చుట్టడం చాలాచోట్ల చూస్తాం, దయచేసి మీరు ఆ పని చేయకండి. ఫ్యూజు బదులు వైరింగే కాలిపోతుంది.

లైట్లు వెలుగుతున్నాయి, బండి కదలదు. ఇది బ్యాటరీ జబ్బు కాకపోవడమే ఎక్కువ. మొదట బండి వెనకున్న ఎర్ర లైటు చూడండి. బ్రేకు పట్టకుండానే బ్రేకు లైటు వెలుగుతోందంటే లివర్‌లోని స్విచ్చు ఇరుక్కుంది. బ్రేకు పట్టారనుకుని కంట్రోలర్, అంటే మోటారుకు ఎంత కరెంటు వెళ్లాలో చూసే పెట్టె, దానికి కరెంటు ఇవ్వడం లేదు. వానాకాలంలో, మట్టి రోడ్ల మీద తరచూ ఇదే జరుగుతుంది. లివర్‌ను నాలుగుసార్లు నొక్కి వదిలితే చాలాసార్లు అక్కడికక్కడే సరిపోతుంది. తర్వాత పార్కింగ్ బటనూ, సైడ్‌స్టాండు స్విచ్చూ చూడండి. అవీ బాగుంటే యాక్సిలరేటర్. దాని నుంచి సన్నటి వైర్లు మూడు వస్తాయి. ఎరుపు, నలుపు మధ్య 5 వోల్టులు ఉండాలి. మూడో వైరు మీద, సాధారణంగా అది ఆకుపచ్చది, పిడి వదిలినప్పుడు 0.8 వోల్టుల దగ్గర మొదలై, మెల్లగా తిప్పుతుంటే 3.5 దాటి మెత్తగా పెరగాలి. ఐదు వోల్టులు ఉండి ఈ అంకె కదలకపోతే యాక్సిలరేటర్ మార్చాలి. ఐదు వోల్టులే లేకపోతే కంట్రోలర్ వైపు వెళ్లండి.

ఎక్కువమందిని ఏడిపించేది మూడో రకం. ఇంటి ముందు బండి బాగానే తిరుగుతుంది, ఫ్లైఓవర్ ఎక్కేసరికి చతికిలబడుతుంది. కాసేపు ఆపితే మళ్లీ కదులుతుంది. మీటరు పెడితే 63 వోల్టులు, అంతా బాగున్నట్టే! కానీ అది ఊరికే నిలబడినప్పటి అంకె. బరువు పడ్డప్పుడు వోల్టులు జారి 52 దగ్గరికి వస్తే, బ్యాటరీలను కాపాడటానికి కంట్రోలరే ఆపేస్తుంది. ఆ జారుడుకు కారణాలు రెండు.

ఒకటి వదులు కనెక్షన్. ఒక టెర్మినల్ బోల్టు కింద పచ్చటి చిలుం పట్టి 0.2 ఓం అడ్డు ఏర్పడిందనుకోండి. మామూలు మీటరులో అది కనిపించీ కనిపించదు. కానీ ఎక్కుడులో 15 ఆంపియర్లు పారుతుంటే 3 వోల్టులు అక్కడే పోతాయి. 3 ఇంటూ 15, 45 వాట్ల వేడి ఒక చిన్న బోల్టు మీద! మీ ల్యాబులో సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లదే. ప్లాస్టిక్ కనెక్టరు గోధుమరంగుకు తిరిగి కరగడం ఇందువల్లే. దీన్ని పట్టుకోవడం సులువు. రెండు కిలోమీటర్లు నడిపి, తాళం ఆఫ్ చేసి, ఎంసీబీ దించి, ఒక్కో కనెక్షన్ దగ్గరా వేలి వెనకవైపు పెట్టి చూడండి. మిగతావి గోరువెచ్చగా ఉంటే ఒకటి చురుక్కుమంటుంది. అదే దొంగ. దాన్ని విప్పి, ఉప్పుకాగితంతో లోహం మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన కొంచెం పెట్రోలియం జెల్లీ రాయండి. కరిగిన కనెక్టరును రుద్దితే లాభం లేదు, మార్చేయాలి.

రెండోది ఐదింటిలో ఒక్క బ్యాటరీ బలహీనం కావడం. వరసలో ఉన్నవాటిలో అన్నిటికంటే ముందు అదే ఖాళీ అవుతుంది, మిగతా నాలుగు దాన్ని ఈడ్చుకుపోతూ ఇంకా పాడుచేస్తాయి. పూర్తిగా చార్జ్ చేసి, ఒక రాత్రి ఊరుకోనిచ్చి, ఎంసీబీ దించి, ఐదింటినీ విడివిడిగా కొలవండి. మంచిది 12.8 దగ్గర ఉంటుంది. ఇక్కడే తీర్పు చెప్పకండి. ఆటో షాపులో 12 వోల్టుల 55/60 వాట్ల హెడ్‌లైట్ బల్బు దొరుకుతుంది. దానికి రెండు వైర్లు కలిపి ఒక్కో బ్యాటరీ మీద పది నిమిషాలు వెలిగించండి, చివర్లో వెలుగుతుండగానే వోల్టులు రాసుకోండి. బల్బు గాజు బాగా కాలుతుంది, జాగ్రత్త. నాలుగు 12.3 దగ్గర నిలబడి ఒకటి 11 కిందికి జారితే జబ్బు దానిదే. బండి కొని ఏడాది లోపే అయితే ఆ ఒక్కటి మార్చినా నడుస్తుంది. రెండేళ్లు దాటిన వరసలో ఒక్క కొత్తది పెడితే పాతవాటి మధ్య అదీ తొందరగా అలసిపోతుంది, ఐదూ కలిపి మార్చడమే మేలు. సెలవులకు ఊరెళ్లి నెలల తరబడి బండిని చార్జ్ లేకుండా వదిలేస్తే ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడి బ్యాటరీలు ఇలాగే చెడతాయి.

మోటారు బాగుండి హారన్, లైట్లు మాత్రమే పోతే, 60 వోల్టులను 12 చేసే కన్వర్టర్ చూడండి. చార్జర్ పెట్టగానే పచ్చ లైటు వెలిగి అలాగే ఉంటే బ్యాటరీ నిండిందని మురిసిపోకండి. చార్జింగ్ ఫ్యూజు పోయి, కరెంటు అసలు లోపలికి వెళ్లకపోయినా అలాగే వెలుగుతుంది.

బండి గుర్రుమంటూ కుదుపులు ఇస్తుంటే ఎంసీబీ దించి వెనక చక్రాన్ని చేత్తో తిప్పండి. తేలిగ్గా తిరిగితే మోటారులోని హాల్ సెన్సార్ మీద అనుమానం. మోటారు ఎంత తిరిగిందో కంట్రోలర్‌కు చెప్పేది అదే. ఎవరో వెనక్కి లాగుతున్నట్టు ఆగి ఆగి తిరిగితే కంట్రోలర్‌కు వెళ్లే మూడు లావు వైర్లు, పసుపు, ఆకుపచ్చ, నీలం, విడదీసి ఒకదానికొకటి తగలకుండా ఉంచి మళ్లీ తిప్పండి. ఇప్పుడు తేలికైతే కంట్రోలర్ కాలిపోయింది. ఇంకా బిగుసుకునే ఉంటే తప్పు మోటారుదో, దాని వైర్లదో.

లిథియం ప్యాకును మాత్రం విప్పవద్దు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లోనూ, విజయవాడలోనూ ఇంట్లో చార్జింగ్ పెట్టిన స్కూటరు బ్యాటరీలు పేలి మనుషుల ప్రాణాలు పోయాయి. ప్యాకు ఉబ్బినా, తియ్యటి రసాయనం వాసన వచ్చినా, ముట్టుకుంటే కాలుతున్నా చార్జింగ్ పెట్టకండి. అందరూ దూరంగా జరిగి సర్వీసువాళ్లను పిలవండి. పొగ వస్తే బయటికి వెళ్లి 101కి ఫోన్ చేయండి. మామూలు రోజుల్లోనూ బండి దిగగానే కాకుండా అరగంట చల్లారనిచ్చి చార్జ్ చేయండి. పడకగదిలో గానీ, బయటికి వెళ్లే దారికి అడ్డంగా గానీ వద్దు.

ఈ ఆదివారం ఒక పని చేయండి. ఐదు బ్యాటరీల మీద మార్కరుతో 1 నుంచి 5 దాకా అంకెలు వేసి, బండి బాగున్నప్పుడే వాటి వోల్టులు, తేదీతో సహా, ఒక కాగితం మీద రాసి సీటు మూత లోపల అంటించండి. రేపు బండి మొరాయించినప్పుడు పోల్చి చూడటానికి పనికొస్తుంది.

ఇట్లు,
మీ పెద్దనాన్న