సున్నం గోడకు సిమెంటు పూత

సికింద్రాబాద్‌లోని సెయింట్ జాన్స్ చర్చి 1813 నాటిది. 1798లో నిజాంతో కుదిరిన ఒప్పందం వల్ల హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన ఈస్టిండియా కంపెనీ దండు దిగింది. 1806లో ఆ దండుకు మూడో నిజాం సికిందర్ జా పేరు పెట్టారు. దాన్ని జనం లష్కర్ అన్నారు, బోనాలప్పుడు ఇప్పటికీ అంటారు. ఆ దండులోని దొరలు, సోల్జర్ల ఆరాధన కోసం వచ్చిన చర్చి ఇది. 1998లో దీనికి పాత కట్టడాల రక్షణకు పనిచేసే సంస్థ ఇంటాక్ నుంచి వారసత్వ పురస్కారం దక్కింది.

మరమ్మతుల సంగతికొస్తే ఇంకో సంవత్సరం గుర్తుపెట్టుకోవాలి. పోర్ట్‌లాండ్ సిమెంటుకు ఇంగ్లండ్‌లో పేటెంటు వచ్చింది 1824లో. అంటే 1813లో గోడ లేపిన మేస్త్రీల చేతిలో ఉన్నది సున్నమే. అంత పాత చర్చిలకు నేడు జరుగుతున్న నష్టంలో చాలా భాగం వానవల్ల కాదు, ‘బాగుచేత’ వల్లే.

సున్నం గోడ నేలలోని తేమను పీల్చి, ఒళ్లంతా ఆరబెట్టుకుంటుంది. దానిమీద సిమెంటు పూస్తే తేమ బయటికి రాలేక పైకి పాకుతుంది. దాంతోపాటు ఎక్కిన ఉప్పు పూత వెనక గడ్డకట్టి ఇటుకను పొడి చేస్తుంది. పూత గట్టిగానే కనిపిస్తుంది, వేలితో కొడితే డొల్ల మోగుతుంది. చవుడు పట్టిందని మళ్లీ సిమెంటే పూస్తారు. రెండ్రోజుల్లో గట్టిపడుతుంది, బిల్లు పెట్టుకోవచ్చు, కాంట్రాక్టరుకు అంతకన్నా ఏం కావాలి?

సరిగ్గా బాగుచేయాలంటే ముందు గోడలోకి నీరు చేరే కారణాలు తొలగించాలి: పగిలిన గొట్టాలు, పూడిన తూములు, పునాది మీద పేరుకున్న మట్టి. తర్వాత సిమెంటును సుత్తి, ఉలితో చేత్తోనే ఒలవాలి. బ్రేకర్ యంత్రం పెడితే ఇటుక అంచులు లేచిపోతాయి. దరుజులను, అంటే ఇటుకల మధ్య సందులను, అంగుళం లోతు గీకి, కడిగి, తడి చేయాలి. సున్నాన్ని కనీసం రెండు వారాలు నీళ్లలో మాగనిచ్చి, ఒక పాలు సున్నానికి మూడు పాళ్ల గరుకు ఇసుక కలపాలి. ఇసుక రేణువుల మధ్య ఖాళీ దాదాపు మూడో వంతు ఉంటుంది, దాన్ని నింపేది సున్నం. తడి తగిలే చోట కొంత ఇసుకకు బదులు ఇటుక పొడి వేస్తారు. బెల్లం, కరక్కాయ నీళ్లు పాత పద్ధతే, కానీ కొలత తెలియకుండా గుమ్మరిస్తే బూజు పడుతుంది.

పూత మందం ఒక్కసారికి సెంటీమీటరు దాటకూడదు. తడి గోనెసంచులు కప్పి కనీసం వారం ఎండ తగలకుండా చూడాలి. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని గట్టిపడాలి, అది నెలకు సుమారు మిల్లీమీటరే లోపలికి దిగుతుంది. తొందరపడి ఆరనిస్తే పొడిపొడిగా రాలుతుంది. మండుటెండల్లో ఈ పని పెట్టుకోకపోవడం మేలు.

టేకు దూలాలకు రోగం గోడలో దాగిన కొసల్లో ఉంటుంది. సన్నని సూదిమేకు గుచ్చి చూస్తే తెలుస్తుంది. పుచ్చినంత మేర కోసి, అదే జాతి కర్రను ఏటవాలుగా అతికి, కొస చుట్టూ గాలికి వేలెడు సందు వదలాలి. చివరికి వెల్ల వేయాలి, ప్లాస్టిక్ ఎమల్షన్ వేస్తే సిమెంటు చేసిన పనే అదీ చేస్తుంది.