అవి సైబీరియా కొంగలు కావు, మన కొంగలే

అక్టోబరు వచ్చిందంటే నాకు ఒకటే రకం ఫోన్లు. "సార్, మా చింతచెట్టు మీదికి సైబీరియా కొంగలొచ్చినయ్!" ఆదివారాలు పొద్దున్నే వరంగల్ చుట్టుపక్కల చెరువుల దగ్గర జనానికి పక్షులు చూపిస్తుంటాను కాబట్టి నాకే చేస్తారు. వెళ్లి చూస్తే ఎప్పుడూ మన గుల్లకొంగలే, ఇంగ్లీషులో ఓపెన్‌బిల్ అంటారు.

అసలు సైబీరియా కొంగ, అంటే సైబీరియన్ క్రేన్, చెట్టెక్కదు. మన దేశంలో అది చివరిసారి కనిపించింది 2002లో, రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో. చలికాలానికి వలస వచ్చే పక్షులు ఇక్కడ గూడు కట్టవు. గుడ్లు, పిల్లలు అన్నీ ఉత్తరాన చలి ప్రాంతాల్లో ముగించుకునే బయల్దేరతాయి. మీ చెట్టు మీద గూడుందంటే అది మన పక్షే. గుల్లకొంగ ముక్కు మూసినా మధ్యలో సన్నటి సందుంటుంది, అందులోంచి అవతలి ఆకాశం కనిపిస్తుంది. పిల్లలకు ఆ సందు ఉండదు, పెద్దయ్యాక వస్తుంది.

పేరు తప్పయితే ఏం పోయింది అంటారు. చెట్టు పోతుంది. పాకాల వైపు ఒక ఊళ్లో రెట్టల వాసనకు మనవడికి ఆయాసం వస్తుందని భయపడి ఒక తాత చింతచెట్టు కొట్టించాడు. ఆయన బాధ నిజమే, ఆ వాసన కింద పడుకునేవాళ్లకే తెలుస్తుంది. "ఎట్లయినా సైబీరియాకు పోయేటియే గద బిడ్డా, మళ్లొచ్చినప్పుడు ఇంకో చెట్టు చూసుకుంటయ్" అన్నాడు. నేను చేరేసరికి కొమ్మలు ట్రాక్టర్‌లో ఉన్నాయి. రెక్కలు రాని పిల్ల ఒకటి మట్టిలో పడి, మెడ ఎత్తి నోరు తెరుస్తూనే ఉంది. "పోవుడు లేదు తాతా, ఇదే వీటి ఊరు" అన్నాను. ఆయన అక్కడే కూలబడ్డాడు. "ముందే చెప్తే ఆగేటోన్ని గద" అన్నాడు.

అందుకే ముందే చెబుతున్నా. గుడ్డు పెట్టిన దగ్గర్నుంచి పిల్ల ఎగిరేదాకా సుమారు రెండు నెలలు. అప్పటిదాకా మంచం పక్కకు జరుపుకోండి, చెట్టు కింద మట్టి చల్లండి, తర్వాత ఎత్తి పొలంలో వేసుకోండి, మంచి ఎరువు. గూళ్లు, గుడ్లు పాడుచేయడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం కూడా.

బర్డ్ ఫ్లూ అంటూ వాట్సాప్‌లో తిరిగేవి నమ్మి టెన్షన్ పడకండి. చెరువు కట్ట మీద నిలబడి పక్షుల్ని చూస్తే జబ్బేమీ అంటుకోదు. చచ్చిన పక్షిని మాత్రం ఒట్టి చేతులతో ముట్టుకోకుండా పశువుల డాక్టరుకు చెప్పండి.

వలస పక్షులు చలికి తట్టుకోలేక వస్తాయన్నదీ సగమే నిజం. ఉత్తరాన నీళ్లు గడ్డకట్టి, పురుగులు దొరక్క, తిండి కోసం వస్తాయి.

నిజంగా దూరం నుంచి వచ్చేవాటి గురించి ఎవరూ ఫోన్ చేయరు. మొన్న పొద్దున ఆరింటికి శిఖంలో, అంటే చెరువు లోపలి నేలలో, చీలమండ లోతు నీళ్ల పక్కన, దోసిట్లో పట్టేంత ఉల్లంకి అనే వలస పిట్ట ఒకటి ముక్కు వీపులో దూర్చి ఒంటికాలి మీద నిద్రపోతోంది. వలసలో అలాంటివి రాత్రుళ్లే ఎక్కువ ఎగురుతాయి, అందుకే ఆ అలసట. దగ్గరికెళ్లినా కదల్లేదు, ఒక్కసారి కన్ను తెరిచి మళ్లీ మూసుకుంది. ఫోటో కోసం తరిమి లేపకండి.

చెరువు నిండితే పక్షులు ఎక్కువుంటాయనుకుని అందరూ మత్తడి (అలుగు) దగ్గరికే వెళ్తారు. ఈ చిన్నవాటికి లోతు పనికిరాదు, బురద కావాలి. ఈ ఆదివారం వచ్చేవాళ్లు కట్ట మీదికి కాకుండా శిఖం వైపు రండి. ఆరింటికల్లా.